కేదారం నుండి బదరికి అడవిదారి

కేదారనాథుని సేవించి బదరీనారాయణుని దర్శనానికి మరలే యాత్రికుల వాహనాలకు కుండ్ అనే చోట దారి రెండుగా చీలుతుంది. మందాకిని వెంట దిగువకు రుద్రప్రయాగ చేరి, అలకనంద ఒడ్డున కర్ణప్రయాగ, నందప్రయాగల మీదుగా చమోలీకి సాగేది పెద్దదారి. ఊఖీమఠం, చోప్తా, గోపేశ్వరాల మీదుగా కొండలెక్కి అదే చమోలీకి దిగేది అడవిదారి. దూరంలో చెప్పుకోదగిన తేడా లేదు. కిలోమీటర్లు కలిసివస్తాయని రెండవదానిని ఎంచుకోవడం తగదు. దాని ఫలం వేరు.

యమద్వితీయనాడు కేదారాలయ ద్వారాలు మూసిన పిమ్మట స్వామి ఉత్సవమూర్తి ఊఖీమఠంలోని ఓంకారేశ్వరాలయానికే తరలివస్తుంది. శీతకాలమంతా పూజలు అక్కడే. బాణాసురుని కుమార్తె ఉష పేరిట ఆ ఊరు వెలసిందని స్థలపురాణం. అక్కడి నుండి సుమారు 30 కిలోమీటర్లలో చోప్తా. చోప్తా నుండి నాలుగు కిలోమీటర్లకు లోపు కాలినడకన తుంగనాథం. పంచకేదారాలలో మిక్కిలి ఎత్తయినది. సుమారు 3,680 మీటర్లు. వృషభరూపుడైన శివుని బాహువులు ఇక్కడ వెలిశాయని పెద్దల మాట. అల్లంత దూరాన మండల్ గ్రామం. అక్కడ బండి దిగి ఐదారు కిలోమీటర్లు అడవిలో నడిస్తే అనసూయామాత ఆలయం. దత్తజయంతికి అక్కడ పెద్ద జాతర. 1973లో ఈ మండల్ అడవుల చెట్లను కాపాడుకోవడంతోనే చిప్కో ఉద్యమం మొదలైంది. ఆ చెట్ల నీడనే మన బండి సాగుతుంది.

ప్రయాగలు తప్పిపోతాయే అని కొందరి సందేహం. బదరి నుండి తిరుగుదారిలో అవి ఎటూ కలుస్తాయి, స్నానసంకల్పం అప్పుడు చెప్పుకోవచ్చు.

అయితే ఈ దారి అందరికీ కాదు. ఊఖీమఠం దాటాక గోపేశ్వరం వరకు పెద్ద ఆసుపత్రి లేదు. ఫోను పలుకుతుందన్న భరోసా లేదు. ఆయాసం, గుండెజబ్బు ఉన్న పెద్దలను వెంటబెట్టుకున్నవారు పెద్దదారినే పోవాలి. అందులో పుణ్యలోపమేమీ లేదు. శ్రావణ భాద్రపదాలలో ఎవరూ ఇటు రాకూడదు. 2012 సెప్టెంబరులో ఊఖీమఠం పరిసరాలలో కుండపోత వానకు కొండచరియలు విరిగి అనేకులు ప్రాణాలు కోల్పోయారు. వైశాఖ జ్యేష్ఠాలు, వానలు వెలిసిన ఆశ్వయుజం అనుకూలం. చిన్న బండి, ఆ కొండలలో పుట్టి పెరిగిన డ్రైవరు ఉండాలి. దిగుడులో బ్రేకును నమ్మక తక్కువ గేరులో దింపేవాడై ఉండాలి. అతడు "ఈ రోజు వద్దు" అంటే ముహూర్తం బాగుందని వాదించరాదు. నాలుగు ధామాలను వారంలో చుట్టిరావాలనే తొందరవారితో అసలు ఈ దారి ప్రసక్తే తేకపోవడం మేలు.

ఊఖీమఠంలో ఇంధనం, తాగునీరు నింపుకొని తెల్లవారుతూనే బయలుదేరాలి. మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది కనుక తుంగనాథ దర్శనం ఆలోపే ముగించుకోవాలి. ఆ రాత్రికి గోపేశ్వరంలో బస. అక్కడి గోపీనాథాలయ ప్రాంగణంలోని ప్రాచీన త్రిశూలాన్ని చూసి, మరునాడు పది కిలోమీటర్లు దిగితే చమోలీ. అలకనంద అక్కడ మళ్లీ కనబడుతుంది. పీపల్‌కోటి, జ్యోతిర్మఠాల మీదుగా బదరి ఇంకా 95 కిలోమీటర్లు.