ఖాళీ అట్టపెట్టె చేసే పనులు

పట్టుపురుగు గూడు అల్లుకోవడానికి అట్టతో గదులు కట్టిస్తారని తెలుసా? రాయలసీమలో పట్టు పండించే రైతుల షెడ్లలోకి పురుగులు గూళ్లు అల్లే పాతకాలపు వెదురు చంద్రికల పక్కన ఇప్పుడు అట్ట చంద్రికలూ వచ్చాయి. ఒక్కో చట్రానికి 156 గళ్లు, పది చట్రాలు కలిస్తే ఒక సెట్టు. పండిన పురుగు, అంటే గూడు అల్లే దశకొచ్చినది, ఎప్పుడూ పైకే పాకుతుంది. అన్నీ పైకి చేరేసరికి ఆ వైపు బరువెక్కి, వేలాడదీసిన సెట్టు దానంతట అదే తిరుగుతుంది. కిందికొచ్చిన పురుగులు మళ్లీ పైకి బయల్దేరతాయి. ఇలా తిరిగి తిరిగి ఒక్కో పురుగు ఒక్కో గదిలో కుదురుకుంటుంది. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. గదికి ఒకటే పురుగు కాబట్టి రెండు పురుగులు కలిసి అల్లే జంట గూళ్లు తగ్గుతాయి. జంట గూటి నుంచి దారం సాఫీగా రాదు, మార్కెట్లో దానికి ధరా పలకదు. అల్లిక మొదలయ్యే ముందు పురుగు విడిచే తడిని అట్ట కొంత పీల్చుకుంటుంది గనక గూడు శుభ్రంగానూ ఉంటుంది. అట్టకు ఇంతకన్నా తెలివైన వాడకం నేనైతే ఎరగను.

అట్ట మధ్యలో ఉండే ముడతల కాగితం మొదట పుట్టింది టోపీ కోసం. 1856లో ఇంగ్లండులో హీలీ, అలెన్ అనే ఇద్దరు పొడవాటి టోపీల లోపలి పట్టీగా దానికి పేటెంటు తీసుకున్నారు. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ సీసాలు, లాంతరు చిమ్నీలు పగలకుండా చుట్టడానికి దాన్ని వాడాడు. ముడతల మధ్య చిక్కిన గాలి దెబ్బనూ ఆపుతుంది, వేడినీ ఆపుతుంది. మే నెలలో కర్నూలు ఎండకు పడమటి కిటికీకి అట్ట అడ్డం పెట్టే ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కరెంటు పోతే ఆ అట్టే విసనకర్ర. మొక్కజొన్న కంకులు కాల్చే బండి దగ్గర బొగ్గులు రాజేసేదీ అదే.

 బంగినపల్లి మామిడి దోరకాయల్ని అట్టపెట్టెలో మూసిపెడితే అవి విడిచే ఇథిలీన్ వాయువు లోపలే నిలిచి, పక్కకాయల్నీ పండిస్తుంది. పులివెందుల అరటికి కావలసింది ఇందుకు తలకిందులు. దూరదేశం పోవాలంటే అది పండకూడదు. అందుకే ఆ పెట్టెలకు రంధ్రాలుంటాయి. కాయల వేడి బయటికి పోవాలి, కంటెయినర్ చల్లగాలి లోపలికి రావాలి. 2020 జనవరిలో అనంతపురం, కడప జిల్లాల అరటి సుమారు 980 టన్నులు తాడిపత్రి నుంచి ప్రత్యేక రైలులో ముంబయి దగ్గరి ఓడరేవుకు బయల్దేరింది.

అట్ట చేసే పనుల్లో నాకు గొప్పగా తోచేది మరొకటుంది. ముఠాకక్షలకు పేరుపడ్డ అనంతపురం, కడప జిల్లాల్లో ఎవరు ఎవరికి ఓటేశారన్నది ప్రాణాల మీదికొచ్చే విషయం. పోలింగు కేంద్రం దగ్గర పోలీసులు, తుపాకులు అన్నీ ఉంటాయి. అయినా ఓటరు వేలు ఏ గుర్తు మీద పడిందో ఎవరూ చూడకుండా చాలా ఎన్నికల్లో అడ్డు నిలిచింది మూడు వైపులా మడిచిన అట్టే. ఇప్పుడు దాని స్థానంలోకి ప్లాస్టిక్ ఫ్లెక్స్ బోర్డు వచ్చింది.

ఇక, మేత కరువైనప్పుడు వీధుల్లో ఆవులు, మేకలు అట్ట నమలడం చూస్తుంటాం. అట్టలో ఉన్నది గడ్డిలో ఉండే సెల్యులోజే. నెమరువేసే జంతువుల పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని అరిగించగలవు. పెద్ద ప్రమాదం పెట్టె అడుగున కొట్టిన ఇనుప పిన్నులతో. అవి పశువు రెండో పొట్టలో నిలిచిపోయి, గోడను పొడుచుకుంటూ గుండె దాకా చేరగలవు. దయచేసి పెట్టె బయట పెట్టేముందు పిన్నులు పీకండి. టేపు కూడా ఊడదీసి, మడిచి, తడవని చోట పెడితే, పొద్దున్నే వచ్చి ఏరుకునే మనిషికి గుజిరీ అంగట్లో నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. తడిసిన అట్టకు అక్కడ ధర కోస్తారు.