గవ్వలు పుట్టని నాటి కడలి

మన దేశమున దేవతార్చనలో సాలగ్రామమునకు గల గౌరవము అందరెరిగినదే. నేపాళములో గండకీ నదీతీరమున దొరకు ఆ నల్లని గుండ్రాతిలో చక్రము వంటి చుట్ట యొకటి కన్పట్టును. భక్తునకది విష్ణుచక్రము. భూగర్భ శాస్త్రజ్ఞునకు అది అమ్మొనైటు అను సముద్రజీవి విడిచిపోయిన గుల్ల. హిమాలయములు తలయెత్తక పూర్వము ఆ తావున సముద్రముండెను. సుమారు 15 కోట్ల సంవత్సరములకు అటు నిటుగా ఆ నీటిలో ఈదిన ప్రాణి అడుగు బురదలో కప్పువడి, కాలక్రమమున రాయి యైనది. కావున శిలాజమను మాట పాఠ్యపుస్తకములలో క్రొత్తగా కన్పించినను, ఆ వస్తువు మాత్రము మన పూజామందిరములలో తరతరములుగా ఉన్నదే.

ఇట్టి సముద్ర శిలాజములను వెదకుట కొన్ని దేశములలో పిల్లలకును పెద్దలకును మిక్కిలి ప్రియమైన వినోదము. ఇంగ్లండులోని లైమ్ రీజిస్ అను తీరగ్రామమున 1799లో ఒక పేద వడ్రంగి యింట మేరీ ఆనింగ్ అను బాలిక జన్మించెను. 1811లో ఆమె సోదరుడు కొండచరియలో ఒక వింత పుఱ్ఱెను కనుగొనగా, మరుసటి యేడు ఆ బాలిక మిగిలిన అస్థిపంజరమును వెదకి పట్టెను. అది ఇక్తియోసారు అను ప్రాచీన జలచరము. ఉన్నత విద్య లేని ఆ పిల్ల తరువాతి కాలమున పండితులు వెదకికొని వచ్చునంతటి పేరు గడించినది.

ఈ కథ చదివిన పల్నాటి విద్యార్థికి ఒక ప్రశ్న తోచక మానదు: “మన ఊరి రాళ్ళు కూడ సముద్రములో పుట్టినవే యని మాస్టారు చెప్పిరి గదా, మరి వీనిలో గవ్వలేవి?” ఈ ప్రశ్న చిన్నది కాదు. దీనికి సరియైన సమాధానము చెప్పగలిగినచో ఉపాధ్యాయుడు జీవచరిత్రలోని ఒక పెద్ద అధ్యాయమును బోధించినట్లే.

పల్నాడన రాళ్ళసీమ. శ్రీనాథునిదిగా ప్రచారములోనున్న ఒక చాటువు ఈ రాళ్ళను ఎత్తిపొడిచిన సంగతి తెలుగు చదివినవారందరికి తెలియును. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు ప్రత్యేక జిల్లా యైనది. మాచర్ల, గురజాల, దాచేపల్లి ప్రాంతములలో నేలను కొద్దిగా త్రవ్వినంతనే పలకలు పలకలుగా నాపరాయి బయటపడును. పిడుగురాళ్ళలో ఆ సున్నపురాతిని బట్టీలలో కాల్చి సున్నము చేయుదురు. మాచర్లలో 1958లోనే సిమెంటు కర్మాగారము వెలసినది. అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే ఆకుపచ్చని చాయ గల పల్నాటి సున్నపురాయి శిల్పుల చేతికెక్కినది. అమరావతి, నాగార్జునకొండ స్తూపములపై బుద్ధుని కథలు వెలసినది ఈ రాతి మీదనే. చెన్నపట్టణపు మ్యూజియములోను, లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను అమరావతి శిల్పములను చూచువారు తాము ఒక ప్రాచీన సముద్రపు అడుగును కూడ చూచుచున్నామని తలపరు.

పల్నాటి శిలలను భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు వర్గములో చేర్చిరి. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలావర్గములను పరిశీలించి 1872లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఒకప్పుడిచట లోతు తక్కువైన సముద్రముండెననియు, దాని అడుగున పేరుకొన్న సున్నపు బురదయే గట్టిపడి నాపరాయి యైనదనియు నేడు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ పొరల కచ్చితమైన వయస్సును గూర్చి పండితులలో చర్చ యింకను సాగుచున్నది. కాని గట్టి గుల్లలు గల జంతువులు సమృద్ధిగా వెలయుటకు పూర్వమే ఇవి యేర్పడినవని సామాన్యముగా అంగీకరింతురు. గుల్లలు, పెంకులు గల ప్రాణులు విరివిగా కన్పట్టుట సుమారు 54 కోట్ల సంవత్సరముల క్రిందట మొదలైనది. పల్నాటి సముద్రము అంతకంటె పాతది.

కావున విద్యార్థి ప్రశ్నకు సమాధానమిది: ఈ రాళ్ళలో గవ్వలు లేకపోవుటకు కారణము సముద్రము లేకపోవుట కాదు; ఆ సముద్రమున్ననాటికి గవ్వలే పుట్టలేదు. పుస్తకములోని మొదటి పుటలలో కడపటి ప్రకరణమును వెదకిన దొరకునా? అట్లని ఆ పుటలు ఖాళీ కావు. ఆ నీటిలో కంటి కానని సూక్ష్మజీవులు కోటానుకోట్లు జీవించినవి. కర్నూలు వర్గమునకే చెందిన అవుకు ప్రాంతపు మెత్తని పొరరాతిలో స్ప్రింగువలె మెలికలు తిరిగిన సూక్ష్మజీవుల అవశేషములున్నవని భారత శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించిరి. వానిని చూచుటకు సూక్ష్మదర్శిని కావలెను.

మరి సుత్తి, భూతద్దము మాత్రమే గల బాలుడు ఈ సీమలో ఏమి వెదకవలెను? సముద్రజీవి దొరకనిచోట సముద్రము విడిచిన గురుతులను వెదకవలెను. చెరువు గట్టున నిలిచి నీటి అంచున చూడుడు. మెత్తని ఇసుకపై చిన్న చిన్న అలల గాట్లు వరుసగా పడియుండును. పొరరాళ్ళలో ఒక్కొక్కప్పుడు అచ్చముగా అట్టి గాట్లే శిలలై నిలిచియుండును. గాటుకు రెండు ప్రక్కల వాలు సమానముగా నున్నచో అలల ఊగులాట వలన ఏర్పడినదని గ్రహింపవచ్చును. ఒక ప్రక్క నిటారుగాను, వేరొక ప్రక్క ఏటవాలుగాను ఉన్నచో నీరు ఒకే దిక్కునకు పారినదనియు, నిటారు ప్రక్కయే ఆ దిక్కును చూపుననియు తెలియవలెను. అట్లే వేసవిలో ఎండిన చెరువు బురదవలె పలుకోణములుగా బీటలు వారిన రాయి కన్పించినచో, ఆనాడు నీరు తీసి ఆ బురద ఎండకెక్కినదని అర్థము.

జీవులే స్వయముగా కట్టిన కట్టడములను చూడగోరువారు కడప జిల్లా వేంపల్లె వైపు పోవలెను. ఆ ఊరి పేరు పెట్టబడిన సున్నపురాళ్ళలో స్ట్రొమటోలైట్లు ప్రసిద్ధములు. నీటి అడుగున జిగురుపొరగా పెరిగిన సూక్ష్మజీవులు బురదను పట్టి నిలుపుచు, పొరమీద పొర కట్టుచు పోగా, కోసిన ఉల్లిగడ్డ వంటి వలయములు, గుమ్మటములు ఏర్పడినవి. వాని వయస్సు సుమారు 190 కోట్ల సంవత్సరములు. నేటికిని ఆస్ట్రేలియా పశ్చిమ తీరమున షార్క్ బే అను చోట ఇట్టివి సజీవముగా పెరుగుచున్నవి. సూర్యకాంతితో ఆహారము చేసికొని ప్రాణవాయువును విడిచిన అట్టి సూక్ష్మజీవుల కృషి వలననే మన గాలిలో ప్రాణవాయువు చేరినది. మనము తీయు ప్రతి శ్వాసకును ఆ ఉల్లిపొరల రాతికిని చుట్టరికమున్నదన్నమాట.

వెదకువాడు మోసపోకుండుటయు నేర్వవలెను. నాపరాతి పలకను విడదీసినప్పుడు చిన్న చెట్టు కొమ్మవలెనో, నీటినాచువలెనో నల్లని చిత్రము కన్పించుట కలదు. చాలమంది దానిని ఆకు శిలాజమని మురియుదురు. నిజమునకది పగుళ్ళలో ఇంకిన నీరు విడిచిన మాంగనీసు ఖనిజపు మరక. ఆకులో నడిమి ఈనె, దాని నుండి క్రమముగా చీలిన ఈనెలు ఉండును; ఈ మరకలో అవి లేవు. రాతిలో రంపపు పండ్లవలె వంకరగా పోవు గీతలును ఎముకల అతుకులు కావు. పైబరువు నొక్కిడికి సున్నపురాయి కరిగిన జాడలు. ఇక బట్టీల ప్రక్కన నిజమైన సముద్రపు గుల్లలే దొరకినను తొందరపడరాదు. మనవారు రాతిసున్నమునే గాక గుల్లసున్నమును కూడ వాడుదురు. ఆ గుల్లలు బండిలో వచ్చినవి కావచ్చును. వాగు ఒడ్డున దొరకు నత్తగుల్లలు నిన్నమొన్నటివి. రాయి ఎట్టిదో తెలియకున్నచో పాఠశాల ప్రయోగశాలలో పలుచని హైడ్రోక్లోరికామ్లము ఒక చుక్క ఉపాధ్యాయుని ఎదుట వేసి చూడవలెను. బుసబుస పొంగినచో సున్నపురాయి.

నిజమైన సముద్రపు గుల్లల ముద్రలను చూడవలెనను కోరిక తీరుటకు పల్నాటి సరిహద్దు దాటి ఆగ్నేయముగా పోవలెను. ఒంగోలు ప్రాంతమున వేమవరము, బూదవాడ గ్రామములవద్ద గల పొరరాళ్ళను గూర్చి రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1879లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. అచ్చట భూమి మీది మొక్కల ఆకుల ముద్రలును, సముద్రములోని అమ్మొనైట్ల ముద్రలును దొరకినవి. ఒకే తావున రెండును దొరకుట వలన అది తీరమునకు చేరువయని ఊహింపవచ్చును. అచటి అమ్మొనైటు ఒకదానికి బూదవాడ పేరే శాస్త్రనామములో చేరినది. 1933లో స్పాత్ అను పండితుడు దాని ప్రజాతికి పాస్కోయైటిస్ అని పేరిడెను. ఆ పొరలు 12, 13 కోట్ల సంవత్సరముల నాటివి. ఇంకను ఉత్తరమునకు పోయి గోదావరి చేరినచో, రాజమహేంద్రవరము ప్రాంతమున లావా పొరల నడుమ సముద్రపు గుల్లలు గల సున్నపు పొర యున్నది. ఆ గనులలోని సూక్ష్మ సముద్రజీవుల శిలాజములను పరిశీలించి, సుమారు 6.6 కోట్ల సంవత్సరముల నాడు రాక్షసబల్లులు నశించిన కాలమునకును ఆ లావా వెల్లువకును గల సంబంధమును గూర్చి గెర్టా కెల్లర్ మొదలగువారు 2008లో చర్చించిరి. మన గోదావరి గట్టు రాళ్ళు ప్రపంచ శాస్త్రసభలలో సాక్ష్యము చెప్పినవి.

ఈ వేటకు పెద్ద వ్యయము లేదు. చిన్న సుత్తి, భూతద్దము, పెన్సిలు, నోటుపుస్తకము, చుట్టుటకు పాత వార్తాపత్రికలు చాలును. రెంటచింతల ఎండలకు పేరుపడిన సీమ గనుక మార్గశిరము నుండి మాఘము వరకు తగిన కాలము. రాయి ఎత్తునప్పుడు తేలు, పాము ఉండవచ్చునని మరువరాదు. సుత్తి దెబ్బ వేయునప్పుడు కన్నులకు అద్దములుండవలెను. పేల్పులు జరుగు గనులలోనికి పిల్లలను కొనిపోరాదు. యజమాని అనుమతి లేక ఏ క్వారీలోను అడుగిడరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది చీటీ. ఏ ఊరు, ఏ తేదీ, పైనుండి ఎన్నవ పొర, రాయి తన చోటనే యున్నదా, దొర్లివచ్చినదా అను సంగతులు అక్కడనే వ్రాయవలెను. చీటీ లేని శిలాజము అందమైన రాయి మాత్రమే. పెద్ద బండపై గురుతులున్నచో పగులగొట్టక, కొలతకు ప్రక్కన ఒక స్కేలుబద్ద నుంచి ఛాయాచిత్రము తీసికొని విడిచిపెట్టుట ఉత్తమము.

పల్నాటి రాయి నిత్యము తరుగుచున్నది. బట్టీలకు, కర్మాగారములకు, ఇండ్ల గచ్చులకు పోవు ప్రతి పలకతో ఒక పుట వెళ్ళిపోవుచున్నది. ఇండ్లు కట్టక మానలేము. సున్నము లేక సాగదు. కాని పోవుచున్న పుటను ఒకమారు చదివి, చదివినది వ్రాసి యుంచుట మన చేతిలోని పని. ప్రతి పాఠశాలలో ఒక బల్లమీద ఆ ఊరి రాళ్ళు పది, వాని చీటీలతో ఉంచినచో, పదేండ్లకు ఆ ఊరికొక భూచరిత్ర ఏర్పడును. ఆ చీటీలలో ఒకదానిమీద “వెదకితిని, గవ్వ దొరకలేదు” అని యున్నను సిగ్గుపడనక్కరలేదు. సరిగా వెదకి, చోటు, పొర గుర్తించి వ్రాసిన ఆ మాటకు, గండకీ తీరపు చక్రమునకు వలెనే, శాస్త్రమున స్థానమున్నది.