పుస్తకంలో గీసిన చెయ్యి వేరు, మన చెయ్యి వేరు

నల్లగొండ జిల్లా చిట్యాల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై బైకు జారి భుజం మీద పడ్డవాళ్లకు ఒక్కోసారి ఎముక విరగకుండానే చెయ్యి పడిపోతుంది. తాటిచెట్టు మీది నుంచి జారుతూ చేతికందింది పట్టుకుని వేలాడిన గీత కార్మికుడికీ ఇదే ప్రమాదం. మెడలోని చివరి నాలుగు నరాలు, ఛాతీలోని మొదటి నరం కలిసి, చీలి, మళ్లీ కలిసి చేతికి దిగుతాయి. ఆ అల్లికను డాక్టర్లు బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. అది సాగినా తెగినా చేతిలో బలం పోతుంది.

వైద్య పుస్తకాల్లో ఈ అల్లికకు ఒక బొమ్మ ఉంటుంది. ఎక్కువమందిలో కనిపించే అమరిక అది, అందరిదీ కాదు. కొందరిలో మెడ నాలుగో నరం కూడా వచ్చి కలుస్తుంది, మరికొందరిలో ఛాతీ రెండో నరం. దాంతో మొత్తం అల్లిక ఒక మెట్టు పైకో కిందికో జరుగుతుంది. తల్లి గర్భంలో నాలుగైదు వారాలకు చేతి మొగ్గ తొడిగినప్పుడు నరాలు రసాయన సంకేతాలను పట్టుకుని దానిలోకి పెరుగుతాయి. అక్కడ వచ్చిన చిన్న తేడా జీవితాంతం ఉండిపోతుంది. అది జబ్బు కాదు, లోపం కూడా కాదు. చాలామందికి తమలో అది ఉందనే తెలియదు.

ఇలాంటి తేడాల్లో అన్నిటికన్నా తెలుసుకోదగ్గది మార్టిన్-గ్రూబర్ కలయిక. దీన్ని 1763లో స్వీడన్‌కు చెందిన మార్టిన్, 1870లో గ్రూబర్ వివరించారు. ఒక కాలువ నీళ్లు మధ్యలో పక్క కాలువలోకి మళ్లినట్టు, ఈ అల్లిక నుంచి చేతికి దిగే మీడియన్, అల్నార్ అనే నరాల్లో మీడియన్ పోగులు కొన్ని ముంజేతిలో అల్నార్‌లోకి దాటుతాయి. ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఇది ఉంటుంది. రెండు చేతుల్లోనూ ఉండాలని లేదు. మోచెయ్యి తగిలితే జివ్వుమనేది ఈ అల్నార్ నరమే. అది మోచెయ్యి దగ్గర తెగినా, ఈ కలయిక ఉన్నవారి అరచేతి చిన్న కండరాలు కొంత పనిచేస్తూనే ఉంటాయి. అది చూసి నరం బాగానే ఉందనుకుంటే చికిత్స ఆలస్యమవుతుంది. పొరపాటు ఇంకోవైపు కూడా జరగవచ్చు. నరాల పరీక్షలో మణికట్టు దగ్గర వచ్చినంత సంకేతం మోచెయ్యి దగ్గర రాదు కాబట్టి, నిక్షేపంగా ఉన్న నరం నొక్కుకుపోయిందని రాసే వీలుంది. మోచెయ్యి దగ్గర మీడియన్ నరాన్ని కూడా పరీక్షిస్తే అసలు సంగతి తేలుతుంది.

తేడాలు ఇంకా ఉన్నాయి. కొందరికి చెయ్యి మడిచినప్పుడు పొంగే పైచేతి కండరానికి రావలసిన నరమే ఉండదు, ఆ పని మీడియన్ నరం చేస్తుంది. మణికట్టు దగ్గర మీడియన్ నరం నుంచి బొటనవేలికి వెళ్లే కొమ్మ కొందరిలో అక్కడి పట్టీ గుండానే పోతుంది. వేళ్ల తిమ్మిరికి ఆ పట్టీని కోసే సర్జన్ దాన్ని గమనించకపోతే బొటనవేలి పట్టు దెబ్బతింటుంది.

కాబట్టి దెబ్బ తగిలిన చేతిలో బలం తగ్గితే నాటు కట్టుతో కాలం గడపకండి. నరాల పరీక్ష రెండు చేతులకూ చేయించమని అడగండి, పాత రిపోర్టులు దాచుకోండి.

ఈ తేడాలు డాక్టరు కంట పడాలంటే చదువుకునే రోజుల్లోనే ఎన్నో నిజమైన చేతులు చూసి ఉండాలి. చిట్యాల పక్కనే నార్కట్‌పల్లిలో కామినేని వైద్య కళాశాల ఉంది, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ఇలాంటి చోట మొదటి ఏడాది పిల్లలకు దానంగా వచ్చిన దేహమే పాఠం. దేహదానం చేయాలనుకునేవారు బతికుండగానే అనాటమీ విభాగంలో సమ్మతి పత్రం రాసి ఇవ్వండి, ఆ మాట ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచండి.