దోమకు అణా చొప్పున

ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. ఆ తేదీ పుట్టింది మన బేగంపేటలో. 1897లో ఆ రోజే సికింద్రాబాద్ దండులోని ఓ సైనిక వైద్యుడు, దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆయనే రోనాల్డ్ రాస్. ఇంతవరకూ బడి పుస్తకంలో ఉన్నదే. అందులో లేనివి కొన్ని చెప్పుకుందాం.

మీరట్‌లో సిపాయిలు తిరగబడిన మూడు రోజులకు, 1857 మే 13న, రాస్ అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో అధికారి. పదిమంది పిల్లల్లో ఇతనే పెద్ద. కొడుక్కేమో బొమ్మలూ కవిత్వమూ ఇష్టం, తండ్రికేమో కొడుకు డాక్టరు కావాలని. ఎవరి మాట నెగ్గిందో నీట్ ర్యాంకుల ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. లండన్‌లో చదువు అంతంతమాత్రం. ఓ పరీక్ష తప్పాడు, కొన్నాళ్లు ఓడల్లో డాక్టరుగా తిరిగాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసుకు నెగ్గిన 22 మందిలో ఆయనది 17వ స్థానం.

దోమతో మొదటి తగువు బెంగళూరులో, 1883లో. బంగళాలో దోమలు ఎక్కడినుంచి వస్తున్నాయా అని వెతికితే కిటికీ పక్కనే నీళ్ల తొట్టి కనిపించింది. బోర్లించేశాడు. దోమలు తగ్గాయి. మిగతా తొట్లూ బోర్లిద్దామంటే రెజిమెంటు అడ్జుటెంటు ఒప్పుకోలేదు. దోమలు కూడా సృష్టిలో ఏదో పనికే పుట్టాయట, మనం వేలు పెట్టకూడదట!

దోమ మీద అనుమానం రాస్‌కు సొంతంగా వచ్చింది కాదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు నూరిపోశాడు. అయితే దోమ నీళ్లలో చచ్చి, ఆ నీళ్లు తాగితే జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. 1895లో సికింద్రాబాద్ చేరిన రాస్, దోమలు కలిపిన నీళ్లు తాగడానికి మనుషుల్ని కుదుర్చుకున్నాడు. లచ్మన్ అనే యువకుడికి కొద్దిరోజుల్లో జ్వరం రాగానే రాస్ సంబరం చెప్పనలవి కాదు. తర్వాత మరికొందరికి తాగిస్తే ఏమీ రాలేదు. ఇవాళైతే ఇలాంటి ప్రయోగాన్ని ఏ ఆసుపత్రీ గడప తొక్కనివ్వదు.

ఇక ఆ ఆగస్టు సంగతి. ఉక్కపోత. గదిలో పంకా ఉంది కానీ ఊపనివ్వడు: సూదులతో విప్పదీసిన దోమ ముక్కలు గాలికి ఎగిరిపోతాయి. కళ్ల చుట్టూ చిన్న ఈగలు ముసురుతున్నాయి. నుదుటి చెమటా చేతుల చెమటా కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కంటిదగ్గరి అద్దం పగిలింది. రెండేళ్లుగా కోసినవన్నీ వేరే జాతి దోమలే. ఈసారి లార్వాల నుంచి పెంచినవి మచ్చల రెక్కల గోధుమరంగు దోమలు. వాటి జాతి పేరు అనాఫిలిస్ అని కూడా అప్పటికి ఆయనకు తెలియదు. వాటికి తన రక్తం పట్టించిన రోగి హుసేన్ ఖాన్. కూలి, కుట్టిన దోమకు ఒక అణా.

20వ తేదీన ఓ దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా క్రిమిలో ఉండే రంగే అది. మర్నాడు కోసిన దోమలో ఆ కణాలు ఇంకాస్త పెరిగి ఉన్నాయి. అంటే క్రిమి దోమలో బతుకుతోంది, ఎదుగుతోంది! డాక్టరుగారు వెంటనే చేసిన పని? కవిత రాసి భార్యకు పంపడం.

నెల తిరిగేసరికి బదిలీ కాగితం వచ్చింది. రాజపుతానాలోని ఖేర్వాడాకు. అక్కడ మలేరియా అరుదు! 1898లో కలకత్తా చేరాక మనుషుల్ని వదిలి పక్షుల మలేరియాను పట్టుకున్నాడు. మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు పక్కనుండగా, జులైలో క్రిమి దోమ లాలాజల గ్రంథికి చేరడం చూశాడు. కుడితేనే జబ్బు, తాగితే కాదు అని అలా తేలింది.

మనుషుల విషయంలో క్రిమి దోమలో ఎదిగి కాటుతో సోకే ఆ చక్రాన్ని నిరూపించింది ఇటలీ శాస్త్రవేత్త గ్రాస్సీ బృందం. 1902 నోబెల్ మాత్రం రాస్ ఒక్కడికే. బ్రిటన్‌కు అదే మొదటి నోబెల్. గ్రాస్సీతో పేచీ బతికినంతకాలం నడిచింది. అంత పేరొచ్చినవాడు కాస్త పెద్దమనసు చూపి ఉండొచ్చు అనిపిస్తుంది నాకు.

రాస్ నవలలు రాశాడు, లెక్కలు కట్టాడు. దోమలు ఎంత తగ్గితే మలేరియా ఆగుతుందో సమీకరణాల్లో చూపాడు. దోమలన్నీ చావనక్కర్లేదు, ఒక హద్దుకు దిగితే చాలని. అంటువ్యాధుల గణితానికి పునాది వేసినవాళ్లలో ఆయనొకడు. ఇంత చేసినా డబ్బు నిలవలేదు. పార్లమెంటు నుంచి బహుమానం అడిగితే రాలేదు. 1928లో తన ఉత్తరాలూ కాగితాలూ అమ్మకానికి పెట్టాడు. 1932లో పోయాడు.

హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి అసలు పేరు సర్ రోనాల్డ్ రాస్ సంస్థే. ఆ పేరు చెబితే ఆటోవాలా తల గోక్కుంటాడు. క్వారంటైన్ నాలుకల మీద నలిగి 'కోరంటి' అయింది కదా, 'కోరంటి దవాఖానా' అనండి, గుమ్మం ముందు దించుతాడు.