వేరుచేసే ఉపాయం

లేపాక్షి వీరభద్రాలయ మంటపంలోని ఒక స్తంభం అడుగున సన్నని సందు ఉంది. దర్శనానికి వచ్చినవారు ఆ సందులోకి ఒక వైపు నుంచి పలుచని వస్త్రాన్ని చొప్పించి, మరొక వైపు నుంచి తీసి ఆశ్చర్యపడతారు. వస్త్రం దూరుతుంది, చేతికర్ర దూరదు. తనకంటే సన్ననిదానిని పోనివ్వడం, లావైనదానిని ఆపడం సందుకు సహజగుణం. వస్తువులను వేరుచేసే ఉపాయాలలో ఇంతకంటే సరళమైనది లేదు.

లేపాక్షి చుట్టుపక్కల పల్లెలలో ఈ ఉపాయం నిత్యజీవితంలో భాగం. 2022 వరకు అనంతపురం జిల్లాలోనూ, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోనూ చేరిన ఈ ప్రాంతం కరవుసీమ. వానను నమ్ముకొని ఇక్కడి రైతులు వేరుశనగ పండిస్తారు. కళ్ళంలో చేటతో తూర్పార పట్టినప్పుడు తేలికైన ఆకు, పొట్టు గాలికి పోతాయి. బరువైన కాయలు నిలుస్తాయి. గింజలను జల్లెడ పట్టినప్పుడు చిన్నవి కిందికి జారుతాయి. పెద్దవి పైన మిగులుతాయి. గింజలలో ఇనుప మేకు కలిసి ఉంటే దానిని అయస్కాంతం లాగివేస్తుంది. బరువు, పరిమాణం, అయస్కాంత గుణం అనే ఈ మూడు భేదాలే నాణెం వేసి ఆడే పూల్ బల్లలోనూ పనిచేస్తాయి.

పూల్ ఆట బిలియర్డ్స్ కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలోని స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మధ్య పుట్టిందని ప్రసిద్ధి. పూల్‌లో ఆటగాడు కర్రతో తెల్లబంతిని కొట్టి, దానితో రంగుబంతులను బల్ల అంచులలోని రంధ్రాలలో పడవేస్తాడు. నాణెం వేసినప్పుడు పదిహేను రంగుబంతులు బయటికి వస్తాయి. ఒకసారి రంధ్రంలో పడిన రంగుబంతి బల్ల లోపలి అరలో బందీ అవుతుంది. మరొక నాణెం పడేవరకు అది బయటికి రాదు. బల్ల యజమాని ఆదాయమంతా ఈ ఏర్పాటు మీదే ఆధారపడి ఉంటుంది.

అయితే ఆటగాడు పొరపాటున తెల్లబంతినే రంధ్రంలో పడవేస్తే ఏమవుతుంది? అది కూడా బందీ అయితే ఆట అంతటితో ఆగిపోతుంది. కాబట్టి తెల్లబంతిని మాత్రం గుర్తించి వెనక్కి పంపాలి. చీకటి కాలువలో దొర్లే బంతి రంగును కేవలం ఒక సందు గాని, అయస్కాంతం గాని చూడలేదు. అందువల్ల నిర్మాతలు రంగును విడిచి ఇతర భేదాలను కల్పించారు.

మొదటిది పరిమాణ భేదం. అమెరికా పద్ధతిలో రంగుబంతి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. కొన్ని బల్లలలో తెల్లబంతిని సుమారు 60 మిల్లీమీటర్లుగా చేశారు. దారిలో అమర్చిన సందులో రంగుబంతులు దూరిపోతాయి. తెల్లబంతి దూరలేక పక్కకు మళ్ళి ఆటగాడిని చేరుతుంది. బ్రిటన్‌లో దీనికి విపర్యయంగా చేశారు. అక్కడ రంగుబంతి 50.8 మిల్లీమీటర్లు కాగా, తెల్లబంతి 47.6 మిల్లీమీటర్లు. చిన్నదైన తెల్లబంతే వేరొక దారిలోకి జారిపోతుంది. రెండవది బరువు భేదం. పరిమాణం మార్చకుండా తెల్లబంతిని బరువైన పదార్థంతో చేయడం ఈ పద్ధతి.

ఈ రెండు పద్ధతులలోనూ ఒక చిక్కు ఉంది. సమాన ద్రవ్యరాశి గల బంతులు సూటిగా ఢీకొన్నప్పుడు, గిరగిర తిరగకుండా జారుతూ వచ్చిన బంతి దాదాపు నిలిచిపోతుంది, ఎదుటిది కదులుతుంది. తెల్లబంతి బరువైనదైతే అది నిలవక ముందుకు సాగుతుంది. దానిని వెనక్కి రప్పించడం కష్టమవుతుంది. సమానమైన బంతులతో అభ్యసించిన ఆటగాడి నేర్పు ఇక్కడ తడబడుతుంది. వేరుచేయడానికి కల్పించిన భేదం ఆటనే మార్చివేసిందన్నమాట.

ఈ చిక్కుకు సమాధానం అయస్కాంతం. తెల్లబంతిలో ఇనుప పదార్థాన్ని చేర్చి, కాలువ పక్కన అయస్కాంతాన్ని అమర్చారు. బంతి దొర్లుతూ వచ్చినప్పుడు అయస్కాంతం దానిని తన వైపుకు లాగి మరొక కాలువలోకి మళ్ళిస్తుంది. ఆ ఇనుము ఒక వైపుకు ఒరిగి ఉంటే బంతి వంకరగా దొర్లుతుంది. అందువల్ల దానిని అన్ని వైపులా సమంగా పరచి, పరిమాణంలోనూ బరువులోనూ తక్కిన బంతులతో సమానంగా ఉండేటట్లు తయారుచేయడం మేలైన పద్ధతి. అప్పుడు భేదం యంత్రానికి తెలుస్తుంది, ఆటకు తగలదు.

ఏ యంత్రమైనా తనకు చూపిన గుణాన్నే చూస్తుంది. ఆడి ఆడి అరిగిన పెద్ద తెల్లబంతి ఒకనాడు సందులో దూరిపోతే, సందు దానిని రంగుబంతిగానే లెక్కిస్తుంది. జల్లెడ సంగతీ అంతే. పెద్ద గింజ బూజుపట్టినదైనా జల్లెడ దానిని పైనే నిలుపుతుంది. అందుకే జల్లెడ పట్టిన తరువాత కూడా పల్లె స్త్రీలు విత్తనపు గింజలను చేతితో ఏరుతారు. రంగు చెడినదానిని, ముడుచుకొన్నదానిని, పురుగు పట్టినదానిని పక్కన పెడతారు. అరుదుగా వాన కురిసే నేలలో మొలకెత్తని విత్తనం వేస్తే, పదునుతో పాటు ఆ ఏటి పంట కూడా చేజారిపోతుంది. వేరుచేసే శ్రమను యంత్రానికి అప్పగించవచ్చు. ఏ గుణాన్ని బట్టి వేరుచేయాలో నిర్ణయించే బాధ్యత మాత్రం మనిషిదే.