కరవుసీమ పాఠశాల – పూర్వవిద్యార్థుల ఋణము

అనంతపురపు మెట్టభూములకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే ఆధారము. అదియును తప్పిన యేట వేరుసెనగ యెండును. కాపు బెంగుళూరునకు వలసపోవును. అతని బిడ్డపేరు ఉన్నతపాఠశాల హాజరుపట్టీనుండి జాఱిపోవును.

విద్యాలయ మొక సీమ కేమి చేయగలదో చూడుడు. 1916లో నిచట దత్తమండల కళాశాల వెలసెను. అందలి యధ్యాపకులు చిలుకూరి నారాయణరావుగారు 1928లో నంద్యాల సభయందు, దత్తమండలమను పరాధీనపు పేరునకు మాఱుగా రాయలసీమ యను నామమును సూచించిరి. అందు చదివిన నీలం సంజీవరెడ్డిగారు 1931లో చదువు విడిచి స్వాతంత్ర్యసమరమున దిగి, 1977లో రాష్ట్రపతి యైరి. పాఠశాలయే దాటని బిడ్డ యా మెట్టు నెట్లెక్కును?

స్పెయినున బుట్టిన విన్సెంటు ఫెర్రరుగారు 1969లో నీ జిల్లాకు వచ్చిరి. వారి సంస్థ క్రీడాగ్రామమును నెలకొల్పి పల్లెపిల్లలకు హాకీ, ఫుట్‌బాలు నేర్పినది. ఇచటి బడులలో నక్షరములు దిద్దిన మన మేమి చేసితిమి?

పూర్వవిద్యార్థులారా! ఏటికొక సభ జరిపి పూలదండలు వేసికొనుట చాలదు. వలసకాపుల బిడ్డలకు కరవునెలలలో బస, భోజనము కల్పింపుడు. సాయంకాల మాడుకొనుటకు మైదానమును చదును చేయింపుడు. వాన దైవాధీనము, హాజరుపట్టీలోని పేరు మన యధీనము.