అతుకుల బొంత



హైదరాబాదునుండి బీజాపురమునకు పోవు మఱ్ఱిచెట్ల బాట మీద మొదట మొయినాబాదు, ఆపైన చేవెళ్ల తగులును. ఆ రెండూళ్ల నడుమనున్న యొక పల్లెకు నేను కోడలినై వచ్చితిని. పుష్యమాసమున తెల్లవాఱుజామున అచటి చేలమీదుగా వీచు చలిగాలి చంటిబిడ్డలకు ఓర్వరానిది. కావున కాన్పునకు ముందే ఇంట నొక చిన్నబొంత సిద్ధముగా నుంచెడివారు. పాత గుడ్డలతో, మిగిలిన పేలికలతో దానిని కుట్టు విధమును ఈ పూట మీకు మనవి చేయదలచితిని.

బొంత పేదఱికమునకు గుర్తని కొందఱు తలంతురు. అది సరికాదు. సంస్కృతమున కంథ యనునది ఇదియే. వంగదేశమున దీనిని కాంథా యనియు, మహారాష్ట్రమున గోధడి యనియు, కన్నడసీమలో కౌది యనియు పిలుతురు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు తమ బొంతల నాలుగు మూలలందును మడచిన చిన్నముక్కలను పువ్వులవలె కుట్టుదురు. ఇన్ని సీమల తల్లులు ఒకే యుపాయము పన్నుటకు కారణము కలదు. చలిని ఆపునది గుడ్డ మాత్రమే కాదు. పొరకును పొరకును నడుమ కదలక నిలుచు గాలియు చలిని ఆపును. అందువలననే పలుచని పొరలు నాలుగు చేరిన నంత వెచ్చదన మిచ్చును. పలుమాఱులు ఉతికిన నూలుగుడ్డ మెత్తబడి చెమటను పీల్చును, పసిమేనిని ఒఱయదు.

ఇది తెలియక నేను పొరపాటు పడితిని. తొలిచూలున నేనే బొంత కుట్టెదనని పట్టుబట్టి, దర్జీ యంగడిలో మిగిలిన క్రొత్తముక్కలు అందముగా నున్నవని మూటగట్టి తెచ్చితిని. మా అత్తగారు చూచి, “ఉతికినవా బిడ్డా?” అని మాత్ర మడిగిరి. క్రొత్తవి గదా, ఉతుకనేల అంటిని. మొదటి ఉతుకులోనే ఎఱ్ఱముక్క రంగు దిగి తెల్లవాని కంటినది. మిల్లుగుడ్డ కుంచించుకొనిపోయి ప్రక్కనున్న పాతచీర ముక్కను చింపినది. నెలలు నిండుచున్నవి, నాకు కన్నీరాగలేదు. అత్తగారు కసరలేదు. ఎదుట కూర్చుండబెట్టి కుట్లన్నియు విప్పించి, “గుడ్డకు గూడ వయసు జూడాలె బిడ్డా. ఒక్కీడువి ఉంటెనే కలిసుంటయ్” అనిరి. నాటినుండి నాకు తెలిసినదెల్ల ఆ మాటలోనిదే.

కావున మొదటి పని గుడ్డ నేర్పఱచుట. నూలుగుడ్డ యగునో కాదో తెలియనిచో, ఒక పోగు తీసి దీపమున కంటింపుడు. నూలు కాగితమువలె కాలి మెత్తని బూడిద యగును. పాలియెస్టరు కరగి గట్టి పూసవలె ముడుచుకొనును. దానిని బిడ్డబొంతలో చేర్పరాదు. జరీయంచును గీచుకొనును గనుక కత్తిరించి వేయవలెను. పిదప అన్నిటిని వేడినీట నానవేసి, నీటిలోనికి రంగు దిగుట మానువఱకు ఉతికి ఎండలో నార్పవలెను. ఆఱిన ముక్కను రెండు చేతుల పట్టి లాగుడు. నిలిచినది పైపొరకు, చిఱుగ సిద్ధముగా నున్నది లోపలి పొరకు. జీర్ణమైన గుడ్డయు ఈ విధముగా వ్యర్థము కాదు.

రెండవది కొలత. చంటిబిడ్డకు రెండు మూరల వెడల్పు, రెండున్నర మూరల పొడవు, అనగా 36 అంగుళములు, 45 అంగుళములు చాలును. పదేసి అంగుళముల చదరపు ముక్కలు 20 కత్తిరించి, అన్ని వైపులను అర అంగుళము కుట్టులోనికి పోవునట్లు, అడ్డమునకు నాలుగు, నిలువునకు అయిదు చొప్పున అతుకవలెను. పేలికలు చిన్నవైనచో ముందుగా వానిని తమలో తాము అతికి పదంగుళముల చదరము చేసికొనవచ్చును.

అడుగుపొరకు మెత్తని చీరముక్కను 41 అంగుళముల వెడల్పున, 50 అంగుళముల పొడవున పఱచి, దానిపై రెండు పొరలు పాతచీరయో ధోవతియో, అన్నిటిపైన అతుకుల పొరయు ముడుతలు లేకుండ వేయవలెను. నడుమనుండి అంచులవైపునకు కచ్చాకుట్టు వేసినచో పొరలు జరుగవు. అడుగుపొర నాలుగు వైపులను రెండేసి అంగుళములు మిగులును గదా, దానిని పైకి మడచి కుట్టిన అదియే అంచగును.

ఇక అసలు కుట్టు. దారము మూరన్నర మించినచో చిక్కుపడును. కుట్టు వడ్లగింజ పొడవున, వరుసకు వరుసకు బొటనవ్రేలి యెడమున, నాలుగు పొరలను పట్టుచు సాగవలెను. ముడి పొరల నడుమ దాగవలెను; పైనున్నచో బిడ్డను గ్రుచ్చును. బొంత బలము గుడ్డలో లేదు, ఈ వరుసలలో నున్నది. ఒకచోట చిఱిగినను ప్రక్క వరుస దానిని నిలుపును. రోజునకు గంట చొప్పున కుట్టగా నాకు ఇరువది దినములు పట్టినది. పిదప కచ్చాకుట్టు విప్పి, మరల ఉతికి, రెండు వైపులను ఎండ తగులనిచ్చి వాడవలెను. ఏడాది నిండని బిడ్డకు దీనిని చదునుగా క్రింద పఱచుటయే మేలు. నిద్రించునపుడు మోముపైకి జరుగునట్లు కప్పరాదు.

అత్తగారు పోయి చాలకాలమైనది. నాడు విప్పి మరల కుట్టిన బొంతలో మా ముగ్గురు బిడ్డలును, వారి బిడ్డలును పెరిగిరి. పైపొర రెండుమాఱులు మార్చితిని. లోపల మామగారి ధోవతి నేటికిని ఉన్నది. ఇప్పుడు మనుమరాలికి నెలలు నిండుచున్నవి. అంగడిలో దొరకు తళుకు దుప్పటులు తేలికయే, వెచ్చనయే; కాని వానిలో పెక్కింటికి నిప్పు తగిలినచో కరగి చర్మమున కంటుకొనును. అది చెప్పినందున గాదు, ధోవతి కథ విని ఆమె సూది పట్టినది. సూదిలో దార మెక్కించుటకు నా కన్నులు చాలవు. గుడ్డ యీడు తెలియుటకు ఆమె వ్రేళ్లు ఇంకను చాలవు. ఇరువురము కలిసి ఒక పనివారలమైతిమి.

పెద్దలారా, మీ యిండ్ల ముంగిటికి పాతబట్టలకు గిన్నెలిచ్చువారు వచ్చుచునే యుందురు. ఇచ్చుటకు ముందు రెండు నూలుచీరలు, ఒక ధోవతి వేఱుగా దాచుడు. మనుమరాలినో మనుమనినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏ గుడ్డ ఎవరిదో చెప్పుచు ఏర్పఱపుడు. కుట్టు ఎవరైనను నేర్పగలరు. ఆ గుడ్డ ఎవరు కట్టినదో చెప్పగలవారు మీరే. సెలవు.